లిమసోల్‌లో సాయంత్రం గ్రీకు క్లాసు: రెండో నెలకే వెనకబడ్డాను, ఎలా అందుకోవాలి?

లిమసోల్_శైలు

అందరికీ నమస్తే. సైప్రస్‌లోని లిమసోల్‌లో పెద్దవాళ్లకి సాయంత్రం పూట నడిచే గ్రీకు క్లాసులో అక్టోబరులో చేరాను. వారానికి ఒక్కరోజే, 90 నిమిషాలు, మే దాకా. టీచరు మొదటి రోజు నుంచీ గ్రీకులోనే మాట్లాడతారు. అక్షరాలు వచ్చాయి, మెల్లగా చదవగలను. ఇబ్బంది ఎక్కడంటే:

నోట్సంతా తెలుగులో రాసుకుంటున్నాను. దాన్ని చూసి చదివితే టీచరు సగం మాటలు సరిదిద్దుతున్నారు. ఇ అనే ఒక్క శబ్దానికి ఎన్ని రాతలో, డిక్టేషన్‌లో అన్నీ తప్పులే. పోయిన వారం భూతకాలం మొదలుపెట్టారు, ఒకే క్రియకి రెండు భూతకాలాలట, ఆ రోజు నుంచి ఏమీ ఎక్కడం లేదు. క్లాసులో అర్థమైన మాటలు బేకరీకి వెళ్తే ఒక్కటీ వినపడవు, నేను నోరు విప్పేలోపే అక్కడివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు. ఇల్లు, ఉద్యోగం పోను రోజుకి అరగంట కంటే దొరకదు. ఆ అరగంటలో ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి. దీర్ఘకాల నివాస హోదాకి ఎ2 (యూరప్ భాషా స్థాయిల్లో కింది నుంచి రెండోది) పరీక్ష కూడా ఎప్పటికైనా రాయాలి.

ఊనిక

శైలు గారూ, ముందు నోట్సు సంగతి చూద్దాం, మిగతా చాలా చిక్కులు అక్కడే పుడతాయి.

తెలుగులో రాసుకోవడం తప్పు కాదు, ఒక పద్ధతి ఉండాలి. గ్రీకులో హ్రస్వదీర్ఘాల భేదం లేదు. ప్రతి మాటలో ఒక అచ్చు మీద ఊనిక పడుతుంది, అది కాస్త గట్టిగా, కాస్త సాగి వినిపిస్తుంది. కాబట్టి ఊనిక ఉన్న అచ్చుకి మాత్రమే దీర్ఘం ఇవ్వండి, మిగతావన్నీ హ్రస్వాలే రాయండి. మాటకి ఒకటే దీర్ఘం. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. 'పోతె' అంటే ఎప్పుడు, 'పొతే' అంటే ఎన్నడూ. 'నోమొస్' చట్టం, 'నొమోస్' జిల్లా. 'ఆల' అంటే వేరేవి, 'అలా' అంటే కానీ. మనకి అలవాటైన చోట దీర్ఘం తీస్తే మాట మారిపోతుంది. ఊనిక ఎప్పుడూ చివరి మూడు అక్షరాల్లో ఒకదాని మీదే ఉంటుంది, అంతకంటే వెనక్కి పోదు. చిన్న అక్షరాలతో రాసినప్పుడు ఆ అచ్చు నెత్తిన చిన్న గీత ఉంటుంది. 1982 నుంచి ఒకే రకం గీత, పాత పుస్తకాల్లో కనిపించే రకరకాల గుర్తులు పట్టించుకోనక్కర్లేదు. షాపు బోర్డుల మీద అన్నీ పెద్దక్షరాలే ఉంటే గీత పెట్టరు, అందుకే బోర్డు చదవడం పుస్తకం చదవడం కంటే కష్టం.

ఇక శబ్దాలు. తెలుగువాళ్లకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. అ, ఎ, ఇ, ఒ, ఉ అన్న ఐదు అచ్చులూ మనవే. ప, త, క వత్తులేకుండా మనం పలికినట్టే. ర కూడా అంతే. 'ౘలి', 'ౘుక్క'లో ఉండే చ, 'ౙడ', 'ౙల్లెడ'లో ఉండే జ గ్రీకులో అచ్చంగా ఉన్నాయి: టీని 'ౘాఇ' అంటారు, పెరుగు, కీరదోసకాయ కలిపి చేసేదాన్ని 'ౙౙీకి' అంటారు. (సైప్రస్‌లో దాని పేరు 'తలతూరి', అది వేరే సంగతి.)

దెబ్బ తినేది ఎక్కడంటే, తావ్ అక్షరం ఇంగ్లీషు టీలా కనపడుతుంది కాబట్టి నాలుక దానంతటదే మడతపడి ట అనేస్తుంది. గ్రీకులో ట, డ, ణ, ళ లేవు. తావ్ అంటే త, అంతే.

థీత, ధెల్త, ఘామ, హి అనే నాలుగు అక్షరాలు మన వత్తక్షరాలు కావు. వాటిని థ, ధ, ఘ, ఖ అని రాస్తాను గానీ అవి గుర్తులు మాత్రమే. థీతకి నాలుక కొసని పైపళ్ల అంచుకి తాకీ తాకనట్టు పెట్టి సందులోంచి గాలి వదలాలి. పరీక్ష ఏమిటంటే, ఆ శబ్దాన్ని రెండు సెకన్లు ఆపకుండా సాగదీయండి. సాగితే సరిగ్గా పలికినట్టు. మన థ సాగదు, ఒక్క పేలుడుతో అయిపోతుంది. ధెల్త కూడా అదే చోట, గొంతు మోగిస్తూ. 'ధీఒ' అంటే రెండు, 'థీఒ' అంటే బాబాయిని గానీ మామయ్యని గానీ. మన మామూలు ద కూడా గ్రీకులో వేరేగా ఉంది, ని, తావ్ రెండక్షరాలు కలిపి రాస్తారు: 'దొమాత'. అందుకే ధెల్తని ద అని సరిపెట్టుకోకూడదు.

ఘామని అ, ఒ, ఉ ముందు హైదరాబాదు ఉర్దూవాళ్లు 'గజల్', 'గరీబ్' అన్నప్పుడు గొంతులోంచి తీసే గ లాగా పలకాలి. ఇ, ఎ ముందు అది య అయిపోతుంది: 'ఘాల' పాలు, 'యినేక' స్త్రీ. హి కూడా అంతే, అ, ఒ, ఉ ముందు 'ఖబర్'లో ఖ, ఇ, ఎ ముందు మెత్తటి హ: 'ఖరా' సంతోషం, 'ఓహి' కాదు.

ఆల్ఫ, ఈప్సిలొన్ పక్కపక్కన వస్తే అఫ్ అనాలా అవ్ అనాలా అని తికమకపడతారు. తర్వాత ప, త, క గానీ స, ఫ, థ, ఖ లాంటి గాలి శబ్దం గానీ వస్తే అఫ్. అచ్చు గానీ గొంతు మోగే హల్లు గానీ వస్తే అవ్. 'అఫ్తొకీనితొ' కారు, 'ఆవ్రియొ' రేపు. ఏప్సిలొన్, ఈప్సిలొన్ జంటకీ ఇదే సూత్రం: 'ఎఫ్ఖరిస్తో' థాంక్స్, 'ఎవ్రో' యూరో.

డిక్టేషన్‌లో ఇ గోల: దానికి ఆరు రాతలున్నాయి (యోత, ఈత, ఈప్సిలొన్, ఏప్సిలొన్-యోత, ఓమిక్రొన్-యోత, ఈప్సిలొన్-యోత). మాట మధ్యలో ఉన్నవి గుర్తుపెట్టుకోవాల్సిందే, చివర ఉన్నవి వ్యాకరణమే చెప్పేస్తుంది. స్త్రీలింగ నామం చివర ఇ వినిపిస్తే దాదాపు ఎప్పుడూ ఈత. నపుంసకం చివర యోత. పుంలింగ బహువచనం చివర ఓమిక్రొన్-యోత. 'అతను రాస్తాడు' లాంటి క్రియ చివర ఏప్సిలొన్-యోత. ఒ కూడా అంతే, క్రియ చివర ఒమేఘ, నపుంసక నామం చివర ఓమిక్రొన్. అంటే విన్న మాట క్రియా, నామమా, ఏ లింగం అని తేల్చుకుంటే చివరి తప్పులు సగానికి సగం పోతాయి. రోజుకి పది మాటలు ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు విని రాయండి, పది నిమిషాల పని.

ఒక్క మాట. ఈ తెలుగు నోట్సు జనవరి వరకే. ఆ తర్వాత గ్రీకు అక్షరాల్లోనే రాయాలి, లేకపోతే ధ, ద తేడా చెవికి ఎప్పటికీ పట్టదు.

క్రియలవాడు

ఊనిక గారు శబ్దాలు చెప్పారు కాబట్టి నేను రెండు భూతకాలాల దగ్గరికే వస్తాను. తెలుగు వచ్చినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, క్లాసులో ఇంగ్లీషు ద్వారా అర్థం చేసుకోబోయేసరికి కష్టమవుతుంది.

'ఏఘ్రఫ' అంటే రాసేవాణ్ణి, రాస్తూ ఉన్నాను. 'ఏఘ్రప్స' అంటే రాశాను. అంతే తేడా. పని సాగుతూ ఉండటమో, అలవాటుగా జరగడమో అయితే మొదటిది, ఒక్కసారి జరిగి ముగిసిపోతే రెండోది. భవిష్యత్తులో కూడా ఇదే జంట: 'థ ఘ్రాఫొ' రాస్తూ ఉంటాను, 'థ ఘ్రాప్సొ' రాస్తాను. కాబట్టి ప్రతి క్రియకీ రెండు ధాతువులు గుర్తుండాలి, సాగే ధాతువు ఒకటి (ఘ్రఫ్), ముగిసే ధాతువు ఒకటి (ఘ్రప్స్). కాలం మారినా వాడేది ఈ రెండే.

ముగిసే ధాతువు చాలా క్రియల్లో స చేరితే వస్తుంది. చివర జొ, నొ ఉంటే తరచుగా సొ అవుతుంది: అఘొరాజొ (కొంటాను) – అఘొరాసొ, ప్లిరోనొ (డబ్బు కడతాను) – ప్లిరోసొ. పెదవులతో పలికే ఫ, వ, ప ఉంటే ప్సొ. ఘ, ఖ, క ఉంటే క్సొ: అనీఘొ (తెరుస్తాను) – అనీక్సొ. చివర ఆఒ ఉన్నవాటికి సాధారణంగా ఈసొ: మిలాఒ (మాట్లాడతాను) – మిలీసొ.

'ఏఘ్రప్స' మొదట్లో ఎ ఎక్కడిది, 'అఘోరస'కి అది ఎందుకు లేదు అన్నది క్లాసుల్లో ఎక్కువమంది చిక్కుకునే చోటు. భూతకాలంలో ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీదికి పోవాలి. ఘ్రప్-స అంటే రెండే అక్షరాలు, మూడోది లేదు, అందుకని ముందు ఎ తెచ్చి దాని మీద ఊనిక పెడతారు. అ-ఘో-ర-స కి అక్షరాలు చాలు, ఎ అక్కర్లేదు. 'రాశాం' అన్నప్పుడు ఘ్రాప్-స-మె, మూడు అక్షరాలు ఉన్నాయి, కాబట్టి ఎ ఎగిరిపోతుంది. 'ఎఘ్రాప్సమె' అని రాసేవాళ్లందరూ ఆ ఎ భూతకాలానికి గుర్తు అనుకోబట్టే రాస్తారు. అది ఊనిక నిలబడటానికి వేసిన పీట.

ప్రత్యయాలు రెండు భూతకాలాలకీ ఒకటే: అ, ఎస్, ఎ, అమె, అతె, అన్. కాబట్టి నేర్చుకోవాల్సిన కొత్త వరస ఒక్కటే.

సూత్రాలకి లొంగని క్రియలు కొన్ని ఉన్నాయి, రోజూ నోట్లో ఆడేవి అవే. వరసగా ఇప్పుడు, అప్పుడు, రేపు అని చదువుకోండి:

వ్లేపొ – ఈధ – థ ధో (చూడటం)
త్రోఒ – ఏఫఘ – థ ఫాఒ (తినడం)
పీనొ – ఈప్య – థ ప్యో (తాగడం)
లేఒ – ఈప – థ పో (చెప్పడం)
పాఒ – పీఘ – థ పాఒ (వెళ్లడం)
ఏర్ఖొమె – ఈర్థ – థ ఏర్థొ (రావడం)
పేర్నొ – పీర – థ పారొ (తీసుకోవడం)
ధీనొ – ఏధొస – థ ధోసొ (ఇవ్వడం)
వ్రీస్కొ – వ్రీక – థ వ్రో (దొరకడం, కనుక్కోవడం)

'ఉండటం', 'కలిగి ఉండటం', 'తెలియడం' అనే మూడింటికీ (ఈమె, ఏఖొ, క్సేరొ) మామూలు మాటల్లో ఒకే భూతకాలం: ఈమున్, ఈఖ, ఈక్సెర. వీటికి రెండోది వెతుక్కోకండి.

'న' గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, వచ్చే నెలలో ఎలాగూ వస్తుంది. 'రాయడానికి', 'రాయాలని' అనే రూపం గ్రీకులో లేదు. 'థేలొ న ఘ్రాప్సొ', నేను రాయాలనుకుంటున్నాను. 'థేలొ న ఘ్రాప్సిస్', నువ్వు రాయాలని నా కోరిక. రెండో క్రియకి కూడా ఎవరు చేస్తారో ఆ ప్రత్యయం పెట్టాలి, మనవాళ్లు మర్చిపోయేది అదే. 'న' తర్వాత ఏ ధాతువు అంటే, ఒక్కసారి పని అయితే ముగిసేది. కానీ మొదలుపెట్టడం, ఆపడం, కొనసాగించడం (అర్హీజొ, స్తమతాఒ, సినెహీజొ) తర్వాత ఎప్పుడూ సాగే ధాతువే: 'అర్హీజొ న ఘ్రాఫొ'. దీనికి మినహాయింపు లేదు, పరీక్షలో ఖాళీలు పూరించమన్నప్పుడు మార్కులు ఊరికే వస్తాయి.

నోటుబుక్కులో పేజీని నాలుగు నిలువు గళ్లు చేయండి: ఇప్పుడు, అప్పుడు (ముగిసింది), 'థ'తో, తెలుగు అర్థం. వారానికి నాలుగు క్రియలు. పండగ సెలవులు పోను మే నాటికి వందకి దగ్గరగా వస్తాయి. ఒక్క రూపమే తెలిసిన ఐదు వందల క్రియల కంటే మూడు రూపాలూ తెలిసిన వంద నయం.

కీబోర్డు_కిట్టు

రాత కుదరాలంటే టైపింగ్ నేర్చుకోండి. కంప్యూటర్లో గ్రీకు లేఅవుట్ పెడితే చాలా అక్షరాలు ఊహించిన చోటే ఉంటాయి, కానివి ఇవి: యూ మీద థీత, హెచ్ మీద ఈత, జే మీద క్సి, సీ మీద ప్సి, వీ మీద ఒమేఘ, ఎక్స్ మీద హి, డబ్ల్యూ మీద మాట చివర వచ్చే సీఘ్మ. ఊనిక గీత ఎల్ పక్కన కుడివైపు కీ: ముందు అది నొక్కి వదిలి తర్వాత అచ్చు నొక్కాలి. రెండూ కలిపి నొక్కితే రాదు. ప్రశ్నార్థకం క్యూ కీ మీద ఉంటుంది, చూడటానికి ఇంగ్లీషు సెమీకోలన్‌లాగే ఉంటుంది. ఫోనులో అయితే అచ్చు మీద వేలు ఆనించి ఉంచితే గీత ఉన్నది పైకొస్తుంది.

క్లాసు వైబర్ గ్రూపులో ఇంగ్లీషు అక్షరాల్లో గ్రీకు కనిపిస్తుంది, మనం తెలుగుని ఇంగ్లీషులో కొట్టినట్టే. అందులో 8 అంటే థీత, 3 అంటే క్సి, డబ్ల్యూ అంటే ఒమేఘ. చదవడానికి తెలిసుంటే చాలు. మీరు మాత్రం అలా కొట్టొద్దు, ఆరు ఇ లలో ఏది రాయాలో ఆలోచించే పనే ఉండదు, రాత ఎప్పటికీ రాదు.

లిమసోల్_శైలు

చాలా థాంక్సండీ. 'ఎ' ఊనిక కోసమని ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు పట్టిక చూస్తే అర్థమవుతోంది. మరి బేకరీ సంగతి? క్లాసులో 'కె' అని నేర్పిన మాట బయట 'జె' అని వినిపిస్తోంది. నేను నేర్చుకునేది వేరే భాషా?

నికోసియా_పిన్ని

భాష ఒకటేనమ్మా, యాస వేరు. క్లాసులో నేర్పేది ప్రామాణిక గ్రీకు. పుస్తకాలు, వార్తలు, ఆఫీసు కాగితాలు, పరీక్ష అన్నీ అందులోనే. ఇళ్లలో, షాపుల్లో వినిపించేది సైప్రస్ గ్రీకు. రెండింటి మధ్యా మారే శబ్దాలు కొన్నే, అవి పట్టుకుంటే చెవి తెరుచుకుంటుంది.

'కె' (ఇంకా, మరియు) బయట 'జె' అవుతుంది, చ లాగా కూడా వినిపిస్తుంది. ఇ, ఎ ల ముందు హి అక్షరం ష అవుతుంది: 'హేరి' (చెయ్యి) 'షేరిన్'. ఈ చ, జ, ష ప్రామాణిక గ్రీకులో లేనే లేవు, అందుకే విన్నప్పుడు కొత్త మాటలనిపిస్తాయి. చివర న్ చేరుతుంది: 'స్పీతి' (ఇల్లు) 'స్పీతిన్'. అచ్చుల మధ్య ధ, ఘ, వ ఉంటే మింగేస్తారు: 'లాధి' (నూనె) 'లాఇన్'. 'ఓహి' (కాదు) 'ఓఇ'. 'ఈనె' (ఉంది) 'ఎన్'. 'ధెన్' (లేదు, కాదు) కూడా 'ఎన్' అయిపోతుంది, కాబట్టి 'ఎన్' వినపడగానే తొందరపడకుండా తర్వాతి మాట కూడా వినండి: తర్వాత క్రియ వస్తే అది 'కాదు'. 'తి కానిస్' (ఎలా ఉన్నావు, ఏం చేస్తున్నావు) అన్నదాన్ని 'ఇంద పు కామ్నిస్' అంటారు.

మనకి బాగా కలిసొచ్చేది ద్విత్వం. రాతలో రెండు ల లు ఉన్నా ప్రామాణిక గ్రీకులో ఒక్కటే పలుకుతారు, 'ఖలూమి' (సైప్రస్ జున్ను). సైప్రస్‌లో రెండూ నిండుగా పలుకుతారు, 'ఖల్లూమి'. మనం పుట్టినప్పటి నుంచీ పలుకుతున్న ఒత్తే అది. ప, త, క లకి ద్విత్వం వస్తే కాస్త గాలి కూడా చేరుతుంది: 'పీత్థ' (పీతా రొట్టె). క్లాసులో మీరు ద్విత్వం పలికితే టీచరు దిద్దుతారు, బజారులో పలికితే ఎవరూ ఏమీ అనుకోరు.

అయినా సరే, మీరు మాట్లాడేది క్లాసు గ్రీకే కానివ్వండి. బయటి యాస వినడానికి నేర్చుకోండి, పలకడానికి వద్దు. రెండూ కలిపితే పరీక్షలో రాతకి వచ్చేసరికి చివర న్ లు తేలతాయి. ప్రభుత్వ చానెల్ రిక్‌లో వార్తలు ప్రామాణికంలో, హాస్య సీరియళ్లు యాసలో ఉంటాయి. వారానికి ఒక్క సీరియల్ భాగం పెట్టుకుని, అందులో ఐదు నిమిషాల ముక్కనే మూడుసార్లు వినండి. పూర్తి భాగం ఒకసారి చూడటం కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

బేకరీలో జరిగే మాటలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, ముందే తయారైపోవచ్చు. మీరు: 'కలిమేర. ధీఒ ఎలియోపితెస్, పరకలో.' (శుభోదయం. రెండు ఆలివ్ పైలు, ప్లీజ్.) ఆవిడ: 'ఆలొ తీపొతె?' (ఇంకేమైనా? నోట్లో 'ఆల్లొ' అని వస్తుంది.) మీరు: 'ఓహి, ఎఫ్ఖరిస్తో. పోసొ కాని?' (వద్దు, థాంక్స్. ఎంత?) ఆవిడ ఒక అంకె చెప్తుంది, తర్వాత 'మె కార్త ఇ మెత్రితా?' (కార్డా, నగదా?). ఇందులో మీకు ముందే తెలియనిది ఆ అంకె ఒక్కటే. చాలామంది తడబడేదీ అక్కడే. ఇంటికొచ్చాక సూపర్‌మార్కెట్ బిల్లు తీసి ఒక్కో ధరనీ పైకి చదవండి: 2.80 'ధీఒ ఒఘ్ధోన్ద', 3.40 'త్రీఅ సరాన్ద'. 60, 70 ('ఎక్సీన్ద', 'ఎవ్ధొమీన్ద') వేగంగా వింటే కలిసిపోతాయి, వాటిని ఎక్కువసార్లు చదవండి. మూడు, నాలుగు అంకెలకి లింగం ఉందని మర్చిపోవద్దు. యూరో నపుంసకం, కాబట్టి 'త్రీఅ ఎవ్రో', 'తేసెర ఎవ్రో'. గంటలు స్త్రీలింగం, కాబట్టి మూడు గంటలకి 'స్తిస్ త్రిస్'.

వాళ్లు ఇంగ్లీషులోకి మారితే మీరు మారకండి, మీ వాక్యం గ్రీకులోనే పూర్తి చేయండి. ఒక మాట నోటికి రానివ్వండి: 'బొరూమె న మిలీసుమె ఎలినికా?' (గ్రీకులో మాట్లాడుకుందామా?). అర్థం కాకపోతే 'ప్యొ అర్ఘా, పరకలో' (కాస్త మెల్లగా), 'తొ క్సనలేతె?' (మళ్లీ చెప్తారా?). చాలామంది సంతోషంగా మెల్లగా చెప్తారు. కానీ వెనక క్యూ ఉన్నప్పుడు అడక్కండి, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. ఇంకోటి, 'నె' అంటే అవును. హిందీ చెవితో వింటే 'నహీ' అనిపిస్తుంది. తల పైకెత్తి నాలుకతో చిన్న చప్పుడు చేస్తే కాదని.

తెలియనివాళ్లతో, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మన 'మీరు' లాగానే బహువచనం: 'థేలెతె' (మీకు కావాలి), 'బొరీతె' (మీరు చేయగలరు). ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఊనిక

పిన్ని గారూ, ద్విత్వం విషయంలో ఒక చిక్కుంది. చెవితో పట్టుకుని రాసేవాళ్లకి సైప్రస్ పలుకుబడి కొంత సాయం చేస్తుంది, 'ఖల్లూమి' అని వింటే రెండు ల లు రాస్తారు. కానీ యాసలో ద్విత్వంగా పలికే కొన్నిటికి ప్రామాణిక రాతలో ఒక్క అక్షరమే ఉంటుంది, 'పీత్థ' అలాంటిదే, ఏథెన్స్ పుస్తకాల్లో ఒకే తావ్‌తో కనిపిస్తుంది. కాబట్టి రాతకి పుస్తకమే ప్రమాణం.

వ్యాకరణం_వెంకట్

నామాల గురించి ఎవరూ చెప్పలేదు. శైలు గారు అడగలేదు కానీ తర్వాత దెబ్బ తినేది అక్కడే.

తెలుగులో నామానికి ముందు ఏమీ రాదు కాబట్టి మనవాళ్లు ఒ, ఇ, తొ లని (ఇంగ్లీషు 'ద' లాంటివి, వరసగా పుం, స్త్రీ, నపుంసక లింగాలకి) వదిలేస్తారు. గ్రీకులో మనుషుల పేర్లకి కూడా అవి కావాలి: 'ఒ యోర్ఘొస్', 'ఇ మరీఅ'. ప్రతి మాటనీ దానితో కలిపే రాసుకోండి, 'ధ్రోమొస్' కాదు, 'ఒ ధ్రోమొస్' (దారి). చివర ఒస్ ఉన్నవన్నీ పుంలింగం కావు, 'ఇ ఒధోస్' (వీధి), 'ఇ ఈసొధొస్' (లోపలికి దారి), 'ఇ ఏక్సొధొస్' (బయటికి దారి) స్త్రీలింగాలు. చివర మ ఉన్నవి చాలావరకు నపుంసకాలు, బహువచనంలో త చేరి ఊనిక జరుగుతుంది: 'తొ ప్రోవ్లిమ', 'త ప్రొవ్లీమత'.

విభక్తులు నాలుగే. పుంలింగ ఏకవచనంలో కర్మ అయితే చివరి స్ పోతుంది. కాఫీ షాపులో ఇదే సాధన: కాఫీ 'ఒ కఫేస్', కానీ కావాలంటే 'థేలొ ఏనన్ కఫే'. చక్కెర లేకుండా 'స్కేతొ', మధ్యరకం 'మేత్రియొ', తీపిగా 'ఘ్లికో'. పిలిచేటప్పుడు రూపం మారడం మనకి కొత్త కాదు, 'రాముడు' పిలిస్తే 'రామా' అయినట్టు 'యోర్ఘొస్' పిలిస్తే 'యోర్ఘొ' అవుతాడు. ఒస్‌తో ముగిసే మామూలు నామాలకి మాత్రం ఎ: డాక్టరు 'ఒ యత్రోస్', పిలిస్తే 'యత్రే'.

పరీక్ష సంగతి. ఎలినొమాథియ సర్టిఫికెట్ పరీక్షని థెస్సలొనీకీలో ఉన్న గ్రీకు భాషా కేంద్రం నిర్వహిస్తుంది, మే నెలలో, ఎ1 నుంచి సి2 దాకా. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు. వారానికి 90 నిమిషాల చొప్పున ఇరవై ఐదు వారాలంటే క్లాసు మొత్తం ముప్పై ఏడున్నర గంటలే. ఇంటి పని గట్టిగా చేసినా మొదటి ఏడాది ఎ1 దాకా, ఎ2 రెండో ఏడాదికి పెట్టుకోండి. ఎ2లో ముగిసే భూతకాలం, 'న', 'థ' లేకుండా గట్టెక్కలేరు, కాబట్టి క్రియలవాడు గారి నాలుగు గళ్ల పట్టికే మీ అసలు సిలబస్.

మీ అరగంట ఇలా పంచుకోవచ్చు: పది నిమిషాలు నిన్న రికార్డు చేసిన మాటల డిక్టేషన్, పది నిమిషాలు క్రియల పట్టిక పైకి చదవడం (మనసులో చదివితే ఊనిక అలవడదు), పది నిమిషాలు వినడం. క్లాసు ముందు రోజు మాత్రం ఇవన్నీ ఆపి, వచ్చే పాఠంలోని కొత్త మాటలు చూసుకుని వెళ్లండి. టీచరు గ్రీకులోనే మాట్లాడతారు కదా, ముందే తెలిసిన మాటలు పది ఉంటే వాక్యం ఎటు పోతోందో పట్టుకోవచ్చు. క్లాసు అయిన రాత్రి దిద్దిన డిక్టేషన్ పక్కన ప్రతి తప్పుకీ కారణం రాయండి: ఊనిక గీత మర్చిపోయానా, చివరి ఇ తప్పా, ధ–ద తేడానా. మూడు వారాలకి ఏ రకం తప్పు ఎక్కువో తేలిపోతుంది, అప్పుడు డిక్టేషన్ పది నిమిషాలూ దానికే పెట్టండి.

లిమసోల్_శైలు

పోయిన రెండు డిక్టేషన్లు తీసి చూశాను. ఊనిక గీతలు మర్చిపోయినవే ఎక్కువ. చివరి ఇ తప్పులు ఆ తర్వాత. 'లేదా' అనే 'ఇ'కి కూడా టీచరు గీత పెట్టారు, ఒక్క అక్షరం మాటకి గీత ఉండదని కదా చెప్పారు?

ఊనిక

అవును, ఒక్క అక్షరం ఉన్న మాటలకి పెట్టరు. మినహాయింపులు కొన్నే: 'లేదా' అనే ఇ కి పెడతారు, స్త్రీలింగం ముందు వచ్చే ఇ కి పెట్టరు, రెండూ ఈతే కాబట్టి గీతతోనే తేడా. ప్రశ్నలో వచ్చే 'పు' (ఎక్కడ), 'పొస్' (ఎలా) లకి కూడా పెడతారు, వాక్యాల్ని కలిపేటప్పుడు వచ్చే అవే మాటలకి పెట్టరు.